దండోరా వేసినట్టు

కారోబార్ రాఘవేందర్ పదకొండేళ్ళ కింద చేసిన పని, బయటపడ్డ నాటి నుంచి బక్కయ్య మరిచిపోలేదు. మరిచిపోదామని చూశాడు గాని కుదరలేదు. ఆ ఊళ్ళో పంచాయతీ పుస్తకాలు రాసే మనిషిని కారోబార్ అంటారు. పంచాయతీ ఆఫీసు ఊడ్చి, కుండలో నీళ్ళు పోసి, ఏదైనా కబురుంటే ఊళ్ళో డప్పు కొట్టి చెప్పే మనిషి బక్కయ్య. రోజూ పొద్దున రాఘవేందర్ కుర్చీని పక్కకు జరిపి, దాని కింద ఊడ్చి, మళ్ళీ దాని జాగాలో దాన్ని పెట్టాలి. కుర్చీ మీద కూర్చున్నవాడు మరిచిపోతాడేమో గాని, కుర్చీ కింద ఊడ్చేవాడికి మరుపు రాదు.

ఆ శుక్రవారం పొద్దున బక్కయ్య ఇంటి ముందర కూర్చుని డప్పు అంచుకు చింతగింజల అంబలి పూస్తున్నాడు. ఎండలు ముదిరాక తోలు గుంజుకుని అంచు దగ్గర లేస్తుంది. లేచిన చోట అంబలి పెట్టి, తడిగుడ్డతో అదిమి, పైన ఒక రాయి పెడితే గంటలో పట్టుకుంటుంది. అరవై దాటిన మనిషి. ఒళ్ళంతా కలిపినా ఒక గొర్రెపిల్ల బరువు ఉంటాడో ఉండడో. డప్పు తోలు పట్టీ పడి పడి ఎడమ భుజం మీద నాగలి చాలు లాగా ఒక గాడి. ఎడమ చేతి బొటనవేలి మీద అడ్డంగా ఇంకో గీత. చిన్నప్పుడు తోలు కోసే కత్తి తగిలి తెగింది. చర్మం కలిసింది గాని గీత పోలేదు.

ఆ వేలితో బక్కయ్యకు రెండు పనులు. ఒకటి, డప్పు అంచును పట్టుకోవడం. రెండోది, రాఘవేందర్ పుస్తకంలో ముద్ర వేయడం.

ముద్ర సంగతి ఏమిటంటే, ఊళ్ళో గ్రామసభ పెట్టాలంటే ముందురోజు దండోరా వేయాలి. వేసినట్టు డప్పు కొట్టినవాడు నోటీసు పుస్తకంలో వేలు పెట్టాలి. ఆ వేలు ఉంటేనే సభ సభ. లేకపోతే పదిమంది కూర్చుని చాయ తాగినట్టు లెక్క.

మోపెడ్ చప్పుడు వచ్చి ఇంటి ముందర ఆగింది. రాఘవేందర్ దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, ముందర సంచీలోంచి పుస్తకం తీశాడు. జేబులో ఎప్పుడూ మూడు పెన్నులుంటాయి. మూడింటిలో ఒకటే రాస్తుందని ఊళ్ళో అందరికీ తెలుసు.

"ఏం బక్కిగా, పొద్దుగాల్నే డప్పుకు తానం చేపిస్తున్నవా?"

"అంచు లేసింది సారూ. అంబలి పెడుతున్న."

"పెట్టు పెట్టు. రేపు గ్రామసభ ఉన్నది. ఇగో, ముందు వేలు పెట్టు." ఊదా సిరా డబ్బీ మూత తీసి చాపాడు.

బక్కయ్య చెయ్యి తుడుచుకున్నాడు. అలవాటు కొద్దీ వేలు ముందుకు వచ్చింది. వచ్చి ఆగింది.

"రేపు శనివారం గద సారూ. పెబ్బేరు సంత. ఊరంత ఆడనే ఉంటది."

"సంత సంతనే, సభ సభనే. నీకెందుకురా గవన్ని?"

"దేని మీద సారూ సభ?"

"గువ్వలగుట్ట. పట్నం కాంట్రాక్టరు కంకర మిషన్ పెడ్తడంట. ఊరికి ఇష్టమే అని తీర్మానం రాయాలె. రోడ్డొస్తది, పోరలకు పనులొస్తయి. పెట్టు వేలు, నాకు టైం అయితున్నది."

బక్కయ్య చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"కొట్టినంక పెడ్త."

"ఏందీ?"

"దండోరా కొట్టినంక వేలు పెడ్త సారూ."

రాఘవేందర్ మొదట నవ్వాడు. ముప్పై ఏళ్ళ నుంచి ముందు వేలు, తర్వాత డప్పు. అది ఆ ఊరి రివాజు. పుస్తకం మండలాఫీసుకు పోవాలని చెప్పి వేలు పెట్టించుకుంటారు, డప్పు సంగతి తర్వాత చూసుకుంటారు. చాలాసార్లు చూసుకోరు కూడా.

"అరే, నీ వేలు కోసం నేను మల్లొకసారి రావాల్నారా?"

"వేలు యాడికి పోతది సారూ. నా చేతికే ఉంటది."

రాఘవేందర్ డబ్బీ మూత పెట్టాడు. కోపం వచ్చింది గాని చూపించుకోలేదు. పొద్దున్నే ఒక ముసలివాడితో వాదించడం ఆయన హోదాకు తక్కువ.

"సరే తియ్. పన్నెండు గంటలకు పంచాయతి ముందట నాలుగు దెబ్బలు కొట్టు. ఊరంత తిరగకు. ఎండ జోరుగున్నది, చస్తవ్. సాయంత్రం ఒచ్చి వేలు పెట్టిచ్చుకుంట."

మోపెడ్ పోయింది. బాలమ్మ పొయ్యి దగ్గర నుంచే అన్నీ విన్నది. ఆమె చెవులకు గోడలు అడ్డం కావు.

"వేలు పెడితే ఏం పోతుండెనయ్యా? పొద్దున్నే పెద్దోళ్ళతోని ఎందుకు?"

"పెట్టిననాడు ఏమొచ్చిందే?"

"పెట్టకపోతే ఉన్న ఊడ్చుడు గూడ పోతది."

బక్కయ్య ఎడమ చేతిని కుడి చేత్తో భుజం నుంచి మణికట్టు దాకా ఒత్తుకున్నాడు. నాలుగు రోజుల నుంచి ఆ చెయ్యి గుంజుతోంది.

"దవాఖానకు పో అంటే పోవు."

"సోమారం పోత తియ్. వనపర్తికే పోత."

జొన్న గడ్క తిని, చీపురు పట్టుకుని పంచాయతీకి పోయాడు.

*

ఇంతకూ రాఘవేందర్ చేసిన పని ఇది.

బక్కయ్య తాత కాలంలో ఊరు వాళ్ళకు ఇనాం ఇచ్చింది. చావుకు, పెళ్ళికి, పండుగకు, సర్కారు కబురుకు డప్పు కొట్టినందుకు కుంట కింద భూమి. ఎర్ర చెల్క కాదు, నల్లరేగడి. తాత జొన్న వేశాడు, తండ్రి వేరుశనగ వేశాడు, బక్కయ్య రెండూ వేశాడు. కాగితం ఉందా అంటే, పట్వారీ దగ్గర ఉందనేవారు. పట్వారీలు పోయారు, కాగితం ఎటు పోయిందో తెలియదు. అయినా ఊళ్ళో ఎవరినడిగినా అది బక్కయ్య చేనే.

పదకొండేళ్ళ కింద ఒకరోజు రాఘవేందర్ వచ్చి, సభ ఉందని వేలు పెట్టించుకున్నాడు. మర్నాడు, సభ వాయిదా పడింది, దండోరా వద్దు అన్నాడు. బక్కయ్య సంతోషపడ్డాడు. అప్పుడు వేరుశనగ పీకే రోజులు. ఒకరోజు కలిసొచ్చిందనుకున్నాడు. నెల తిరిగేసరికి సర్పంచ్ తిరుపతయ్య మనుషులు ట్రాక్టరు తెచ్చి చేను చుట్టూ రాతి కడీలు పాతారు. ఇదేందని అడిగితే, ఇది ఊరుమ్మడి భూమి అని గ్రామసభ తీర్మానం చేసింది, పశువుల దవాఖాన కడతారు అన్నారు. ఏ సభ, ఎప్పుడైంది అని బక్కయ్య అడిగితే అందరూ తలా ఒక దిక్కు చూశారు.

దవాఖాన కట్టలేదు. తర్వాత నాలుగేళ్ళకు అక్కడ తిరుపతయ్య బామ్మర్ది బత్తాయి తోట లేచింది. అప్పటి సర్పంచూ తిరుపతయ్యే, ఇప్పటి సర్పంచూ తిరుపతయ్యే. నడుమ ఐదేళ్ళు ఆడవాళ్ళ రిజర్వేషన్ వస్తే ఆయన భార్య. అప్పుడు కూడా కుర్చీ ఆయనదే, సంతకాలు మాత్రమే ఆమెవి.

ఆ పదేళ్ళూ బక్కయ్య తిరుపతయ్యనే తిట్టుకున్నాడు. అసలు కిటుకు తెలిసింది పోయిన ఏడు. గొల్లల వీధిని గొల్ల గేరి అంటారు. ఆ గేరి యమున, మహిళా సంఘం లీడరు, పది దాకా చదివింది. ఎవరో సార్లు వచ్చి సమాచార హక్కు అని కొత్త చట్టం వచ్చింది, ఏ కాగితమైనా అడగొచ్చు అని చెప్పిపోయారట. ఆ పిల్ల దరఖాస్తు పెట్టి, మూడుసార్లు తిరిగి, పాత తీర్మానాల నకళ్ళు తెచ్చింది. ఒకరోజు బక్కయ్యను కూర్చోబెట్టి చదివింది. "ఊరంతటా దండోరా వేయించి, ప్రజలు హాజరై, ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." కింద నల్లగా ఒక మచ్చ.

"ఇది ఎవల వేలు పెద్దయ్యా?"

బక్కయ్యకు అక్షరం రాదు. కాని ఆ మచ్చ మధ్యలో అడ్డంగా ఉన్న తెల్ల గీతను చదవడానికి అక్షరం అక్కర్లేదు.

చాలాసేపు దాన్ని చూశాడు. డప్పు కొట్టినందుకు తాతకు వచ్చిన భూమి, డప్పు కొట్టనందుకు మనవడికి పోయింది. పోయినట్టు సాక్షి మళ్ళీ మనవడే.

నకలు ఇంట్లో పెట్టుకోమంటే వద్దన్నాడు. ఇల్లు కురుస్తుంది, చెదలు పడుతుంది. "నా ఇంట్ల పొడిగ ఉండేది ఇదొక్కటే బిడ్డా" అని డప్పు తిప్పి, లోపలి చెక్క చూపించాడు. యమున నవ్వి, నీలం పెన్నుతో ఆ చెక్క మీద సర్వే నంబరు, భూమి ఎంతో రాసింది. నకలు తన ట్రంకుపెట్టెలో దాచింది.

*

పన్నెండు గంటలకు బక్కయ్య పంచాయతీ ముందర నిలబడ్డాడు. సిమెంటు గద్దె మీద కాలు పెడితే కాలుతోంది. ఊళ్ళో మనిషి అలికిడి లేదు. ఉపాధి పని వచ్చిన దగ్గర నుంచి ఎండాకాలం ఊరంతా చెరువులో పూడిక తీస్తోంది. కదలలేని ముసలివాళ్ళు, ఉయ్యాలలోని పిల్లలు తప్ప ఇళ్ళల్లో ఎవరూ ఉండరు. రాఘవేందర్ ఈ గంట ఊరికే చెప్పలేదు.

బక్కయ్య నాలుగు దెబ్బలు కొట్టాడు. ఆఫీసు మెట్ల నీడలో పడుకున్న కుక్క లేచి, ఇతన్నొకసారి చూసి, మళ్ళీ పడుకుంది.

"రేపు పొద్దుగాల పది గంటలకు గ్రామసభ ఉన్నదహో" అన్నాడు. తన గొంతు తనకే వేరేవాడిదిలా వినిపించింది. ఎదురుగా కిరాణం తలుపు వేసి ఉంది. దాని ముందు బెంచీ మీద తిరుపతయ్య జీతగాడొకడు చుట్ట తాగుతున్నాడు. "ఇంటున్న ఇంటున్న, ఒస్త తియ్" అని వాడే నవ్వాడు.

చెప్పిన పని అయిపోయింది. ఇప్పుడు వేలు పెట్టినా తప్పు లేదు. కొట్టాడు కదా. నాలుగు దెబ్బలు కూడా దండోరానే కదా. బక్కయ్య తనకు తాను ఆ మాట రెండుసార్లు చెప్పుకున్నాడు. రెండోసారి చెప్పుకుంటూ డప్పు తిప్పి, చెక్క మీది నీలం అక్షరాలు చూశాడు.

ఇంటికి వస్తుంటే బోరింగు దగ్గర యమున ఎదురైంది. చెరువులోంచి అప్పుడే వచ్చింది. చీర కుచ్చెళ్ళకు ఎర్ర బురద, నెత్తి మీద ఖాళీ బిందె.

"పెద్దయ్యా, దండోరా కొట్టినవంట గద?"

"కొట్టిన."

"ఎవలకు కొట్టినవ్? కాకులకా?"

"కొట్టమన్న కాడ కొట్టిన బిడ్డా."

యమున బిందె బోరింగు కింద పెట్టింది, కొట్టలేదు. "రేపు గుట్ట రాసిస్తరంట. నాకు ఇంతకుముందే తెలిసింది, గది గూడ రాఘవేందరు పెండ్లాం నోరు జారితే. గుట్ట పోతే నాలుగు వందల గొర్రెలు యాడ మేస్తయి? గుట్ట కింది ఊట పోతే మన రెండు గేర్లు ఏం తాగుతయి? నేనొక్కదాన్ని ఇంటింటికి తిరిగి చెప్తే, ఆడదాని మాట అని నవ్వుతరు. నీ డప్పు జెప్తే ఆగుతరు."

"నన్ను తిరగొద్దన్నరు."

"పదకొండేండ్ల కింద గూడ గిట్లనే నాలుగు కొట్టినవా?"

"అప్పుడు అదన్న కొట్టలే" అన్నాడు బక్కయ్య.

ఆ మాట అనేసి తానే ఆగిపోయాడు. యమున వంగి బోరింగు కొట్టడం మొదలుపెట్టింది. నాలుగు గుంజుళ్ళకు ఒకసారి నీళ్ళు వస్తున్నాయి. బక్కయ్య ఆ బిందె నిండేదాకా అక్కడే నిలబడి, నిండాక ఎత్తి ఆమె నెత్తికి అందించాడు. ఎత్తేటప్పుడు ఎడమ చెయ్యి మళ్ళీ గుంజింది.

*

పొద్దు వాలింది. గేర్లలో పొయ్యిలు అంటుకున్నాయి. గొర్రెలు గుట్ట దిగి వచ్చాయి.

బక్కయ్య జొన్నచొప్ప కట్ట తెచ్చి ఇంటి ముందర మంట వేశాడు. డప్పును దాని మీద నెమ్మదిగా తిప్పాడు. తోలు కాగేకొద్దీ వేలితో కొట్టి చూసుకున్నాడు. మొదట దబ్ అంది. తర్వాత టంగ్ అంది. పొద్దున పెట్టిన అంబలి బాగా పట్టింది.

"మల్ల యాడికి?" బాలమ్మ.

"దండోరా కొట్టొస్త."

"పగటాల కొట్టినవ్ గద?"

"అది రాఘవేందరుకు కొట్టిన. ఇది ఊరికి."

బాలమ్మ మూలకున్న తలగుడ్డ తెచ్చి ఇచ్చింది. పండుగకు కట్టుకునేది.

పై గేరి నుంచి మొదలుపెట్టాడు. కొట్టే చిర్ర కర్ర కుడి చేతిలో, సన్న పుల్ల ఎడమ చేతిలో, డప్పు గుండెకానించి. సభ కబురుకు వేరే దెబ్బ ఉంది. చావు దెబ్బ కాదు, పెళ్ళి దెబ్బ కాదు. మూడు బరువుగా, రెండు తేలికగా, ఆగి మళ్ళీ మూడు. తండ్రి నేర్పినది. ఆ దెబ్బను ఆ ఊరు సరిగ్గా విని చాలా ఏళ్ళయింది. విస్తర్ల ముందు నుంచి మనుషులు లేచి, ఎంగిలి చేతులతో వాకిట్లోకి వచ్చారు.

"ఇనుండ్రయ్యో ఇనుండ్రి! రేపు శనివారం పొద్దుగాల పది గంటలకు పంచాయతి కాడ గ్రామసభ ఉన్నదహో! గువ్వలగుట్టను కంకర మిషనుకు ఇచ్చే ముచ్చట ఉన్నదహో! ఆడోళ్ళు మొగోళ్ళు అందరు రావాలెనహో!"

అంతవరకు రివాజు మాటలే. మూడో ఇంటి దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, రివాజులో లేని మాట ఒకటి కలిపాడు.

"మీరు రాకుంటే, ఒచ్చిండ్రని రాసుకుంటరహో!"

ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు సగంలో ఆగింది.

గొల్ల గేరిలో రాములు రేపటి సంతకు రెండు పొట్టేళ్ళను వేరు చేసి గుంజకు కడుతున్నాడు.

"ఏం బక్క మామా, రేపు సంతకు పోకుంటే ఈ పొట్టేండ్లను నీ ఇంట్ల కట్టెయ్యాల్నా?"

"కట్టెయ్ అల్లుడా. గుట్ట పోయినంక యాడన్నొక కాడ కట్టెయ్యాల్నే గద."

రాములు ముడి వేస్తున్నవాడు ఆగాడు. గేరి చివర గుట్ట నల్లగా కనబడుతోంది. దాన్ని చూసి, పొట్టేళ్ళను చూసి, ముడి విప్పి మందలోకి వదిలాడు. "సంత వచ్చే వారం గూడ ఉంటది" అన్నాడు, ఎవరితోనో కాదు, పొట్టేళ్ళతోనే.

నడిమి గేరి మలుపులో మోపెడ్ అడ్డం వచ్చింది. ఈసారి రాఘవేందర్ దిగాడు.

"ఎవడు చెప్పిండ్రా నీకు గేర్లల్ల తిరగమని?"

"దండోరా అంటే ఊరంత కొట్టుడే గద సారూ. మీ పుస్తకంల గూడ గట్లనే రాసుంటది. ఊరంతట అని."

రాఘవేందర్‌కు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. పోయిన ఏడు ఆ నకళ్ళ మీద ముద్ర వేసి ఇచ్చింది తానే. వాకిళ్ళలో నిలబడినవాళ్ళను ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"సరే, అయిందేదో అయింది. ఇప్పుడన్న వేలు పెట్టు."

"ఇంక ఒక్క గేరి ఉన్నది సారూ. మాదే. కొట్టినంక పెడ్త."

"రేపు ఆఫీసు ఎట్ల ఊడుస్తవో చూస్త."

"ఊడ్చుడే గద సారూ. ఊడవకుంటే ఎవలిది వాళ్ళ కాళ్ళకే అంటుకుంటది."

ఎవరూ నవ్వలేదు. అందరూ విన్నారు. బక్కయ్య మోపెడ్‌ను చుట్టి ముందుకు పోయాడు.

కింది గేరిలో పది ఇళ్ళు. చివరి ఇల్లు తనది. చివరి ఇంటి ముందు కూడా ఆగి, పూర్తిగా కొట్టి, పూర్తిగా చెప్పాడు. వినేది బాలమ్మ ఒక్కతే. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

"ఇన్నవా?"

"ఇన్న తియ్. ఒస్త."

ఇంటి ముందరి గద్దె మీద కూర్చున్నాడు. డప్పు ఒళ్ళో పెట్టుకున్నాడు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. చెమట మామూలు కంటే ఎక్కువగా, చల్లగా ఉంది.

"జర నీళ్ళు తే బాలీ."

బాలమ్మ కుండ దగ్గరికి పోయింది. చెంబు ముంచింది. ఇంటి లోపలి కుండకు, గద్దెకు నడుమ ఏడెనిమిది అడుగులు. ఆమె తిరిగి వచ్చేసరికి బక్కయ్య గోడకు తల ఆనించి ఉన్నాడు. చిర్ర చేతిలోంచి జారి కింద పడింది. డప్పు పడలేదు. ఎడమ చేతి బొటనవేలు దాని అంచును పట్టుకునే ఉంది.

*

తెల్లారేసరికి శవాన్ని ఇంటి ముందర పడుకోబెట్టారు. తలాపున దీపం పెట్టారు. రివాజు ప్రకారం కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి, చేతుల బొటనవేళ్ళు రెండూ కలిపి తెల్లదారంతో కట్టారు. ఒకసారి కట్టాక మట్టి దాకా విప్పరు.

శనివారం ఊరు ఊళ్ళోనే ఉంది. పెబ్బేరుకు పోయే డీసీఎం వ్యాను వచ్చి, పావుగంట హారన్ కొట్టి, ఖాళీగా పోయింది.

తొమ్మిది గంటలకు రాఘవేందర్ వచ్చాడు. చెప్పులు దూరంగా విడిచి, తువ్వాల భుజం మీద వేసుకుని, చేతులు కట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మంచి మనిషి అన్నాడు. మాట పడ్డా మారుమాట అనకపోయేది అన్నాడు. తర్వాత బాలమ్మ పక్కన గొంతుకూర్చుని చిన్నగా మొదలుపెట్టాడు. తువ్వాల కింద పుస్తకం అంచు కనబడుతోంది.

"అక్కా, ఆయన నిన్న కొట్టిండు. ఊరంత ఇన్నది. పుస్తకంల వేలు ఒక్కటి బాకీ ఉన్నది. ఆయన గూడ పెడ్తనన్నడు, కొట్టినంక పెడ్తనన్నడు. జర..."

ముప్పై ఏళ్ళలో రాఘవేందర్ నోటి వెంట బాలమ్మను అక్కా అనడం అదే మొదలు. ఆమె ఏడవడం ఆపింది. శవం గుండెల మీది గుడ్డను కొంచెం పక్కకు తీసి, కట్టిన చేతులను చూపించింది.

"కట్టినం సారూ" అంది. "కట్టినంక ఇప్పరు."

రాఘవేందర్ ఆ రెండు వేళ్ళను చూశాడు. ఎడమ వేలి మీది గీత దారం కింద కొంచెం కనబడుతోంది. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళలో యమున ఉంది. ఆమె ట్రంకుపెట్టెలో ఆ గీత ఉన్న నకలు ఉంది. ఇంకొకరి వేలు పెట్టినా దాంతో పోల్చి చూస్తుంది. రాఘవేందర్ లేచి, దులుపుకుని, పోయాడు.

పది గంటలకు చావు ఇంటి నుంచే ఊరు లేచి పంచాయతీకి పోయింది. నూటా అరవై మంది దాకా వచ్చారు. ఆఫీసు ఆ రోజు ఊడవలేదు. గద్దె చాలక మెట్ల కింద మట్టిలో కూర్చున్నారు. తిరుపతయ్య రోడ్డు సంగతి, పనుల సంగతి చెప్పాడు. అంతా విన్నారు. విన్నాక రాములు లేచాడు. ఎప్పుడూ సభలో మాట్లాడినవాడు కాదు. రెండు చేతులు ఏం చేసుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు.

"గుట్ట ఇయ్యం. రాసుకోండ్రి."

"ఏం రాయాలె?" అన్నాడు రాఘవేందర్. "దండోరా వేసినట్టు వేలు లేదు. ఇది సభనే కాదు. ఏది రాసినా చెల్లదు."

"అయితే ఏది రాయకు" అంది యమున. "ఇచ్చినమని గూడ రాయకు."

రాఘవేందర్ రాసే పెన్ను జేబులో పెట్టుకున్నాడు. నూటా అరవై మంది కూర్చున్న ఆ సభ పుస్తకంలో ఎక్కలేదు. దండోరా ధ్రువీకరణ లేనందున సభ జరగలేదని మాత్రం తర్వాత ఒక ముక్క రాశారు. జరగని సభ గుట్టను ఎవరికీ ఇవ్వలేకపోయింది. ఇంకోసారి ప్రయత్నం చేస్తారు, చేయరని కాదు. కాని ఆ ఎండాకాలం గొర్రెలు గుట్ట మీదే మేశాయి.

సభ కాని సభ నుంచి జనం మళ్ళీ చావు ఇంటికి వచ్చి, పాడె ఎత్తారు. పక్క ఊరి నుంచి వచ్చిన బంధువులు డప్పులు కొట్టారు. దారి బత్తాయి తోట కడీల పక్క నుంచే పోతుంది. అక్కడ పాడె దించి దింపుడు కల్లానికి ఆగారు. బాలమ్మ తోట వైపు చూడలేదు. చెట్లు కాపు మీద ఉన్నాయి, కాయలు పసుపు తిరుగుతున్నాయి.

బక్కయ్య డప్పును ఆమె ఎవరికీ ఇవ్వలేదు. అడిగినవాళ్ళు లేక కాదు. అది ఇంట్లో మేకుకు వేలాడుతోంది, తోలు గోడ వైపు, లోపలి చెక్క ఇవతల వైపు. పొద్దు వాలి తలుపులోంచి ఎండ పడే వేళకు ఆ చెక్క మీది నీలం అక్షరాలు కనబడతాయి. బాలమ్మకు చదవడం రాదు గాని ఏం రాసుందో తెలుసు. సర్వే నంబరు నూటా డెబ్బై మూడు, ఎకరా పద్నాలుగు గుంటలు.